రిమోట్ చచ్చిపోలేదు, జత తప్పిందంతే

పదిహేనేళ్లుగా మా మండవల్లిలో రేషన్ కార్డులకీ, పింఛన్లకీ అర్జీలు రాసిపెట్టే పని నాది. ఈ మధ్య అర్జీలకన్నా రిమోట్లు ఎక్కువ తెస్తన్నారు. టీవీ వెనకాల దూర్చే ఆ స్టిక్కు ఉంది చూశారూ, దాని రిమోట్. పెనుమాకలంక నుంచి ఒక మామ్మ కొంగున ముడేసుకుని తెచ్చింది మొన్న. "ఇది సచ్చిపోయింది బాబూ, నీకు తెలిసినోళ్లెవరన్నా ఉంటే కొత్తది తెప్పిచ్చు" అంది. సెల్లులు మార్చి, పది సెకన్లు ఒక బటన్ నొక్కి పట్టుకుంటే బతికింది. అప్పటికే ఆవిడ ఒక కొట్లో కొత్త రిమోట్‌కి బేరం ఆడేసి ఉంది.

అందుకే ఇది రాస్తన్నా. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఇందులో సగం తెలిసే ఉంటది. తెలియని సగం మీ ఇంట్లో అమ్మకీ, నానమ్మకీ పనికొస్తది. డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకీ తయారయ్యే పిల్లలు చాలామంది ఫోన్లో కళ్లు పోగొట్టుకోలేక క్లాసులు టీవీలో పెట్టుకుంటన్నారు. వాళ్లకి రిమోట్ పోతే వినోదం పోవడం కాదు, రోజు పోద్ది.

నేనేం ఇంజనీర్ని కాదు. కంపెనీలోళ్ల సాయం పేజీలు చదివి, పాడైనవి విప్పి చూసి నేర్చుకున్నదే ఇదంతా.

ముందు ఒక సంగతి బుర్రలో పడాలి. రిమోట్లు రెండు జాతులు. పాతకాలం టీవీ రిమోట్‌ది వెలుగు. కంటికి కనపడని పరారుణ కిరణాలు, ఇన్‌ఫ్రారెడ్ అంటారు. రిమోట్ మూతి దగ్గరుండే చిన్న బల్బు సెకనుకి 38 వేలసార్ల చొప్పున ఆరి వెలుగుతా సందేశం పంపుద్ది. ఎదురుగా మనిషి అడ్డంవస్తే ఆగిపోద్ది. దీనికి జత కట్టడం అనేదే లేదు. ఏ టీవీకి ఎదురు పెట్టి నొక్కితే ఆ టీవీ వింటది, అదే కంపెనీదైతే పక్కింటి టీవీ కూడా వింటది.

స్టిక్కు రిమోట్‌ది రేడియో. బ్లూటూత్. గోడ చాటున ఉన్నా పనిచేస్తది, దుప్పట్లోంచి నొక్కినా పనిచేస్తది. కాకపోతే ఇది ఎవరు పిలిచినా పలకదు. ముందు పరిచయం చేయాలి. ఈ రిమోట్ నాది అని స్టిక్కు, ఈ స్టిక్కు నాది అని రిమోట్, ఒకరి గుర్తు ఒకరు దాచుకోవాలి. దాన్నే పెయిర్ చేయడం, జత చేయడం అంటారు. ఆ గుర్తు చెదిరిపోతే రిమోట్‌లో ఏ భాగమూ పాడవకుండానే మొత్తం చచ్చినట్టు కనపడుద్ది.

ఇక్కడే తమాషా ఉంది. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ రిమోట్లలో ఈ రెండు జాతులూ కలిసి ఉంటాయి. పవర్ బటనూ సౌండు బటన్లూ ఉన్న రిమోట్ అయితే, ఆ బటన్లు చాలావరకు వెలుగుతో నేరుగా టీవీతో మాట్లాడతాయి. బాణం గుర్తులు, ఇంటి బొమ్మ, మైకు బ్లూటూత్‌తో స్టిక్కుతో మాట్లాడతాయి. కాబట్టి రిమోట్ పాడైందని ఎవరన్నా తెస్తే నేను మొదట అడిగేది ఇదే. సౌండు పెరుగుతుందా? సౌండు పెరిగి, బాణాలు కదలకపోతే సెల్లులు బానే ఉన్నట్టు, జత తప్పినట్టు. బాణాలు కదిలి సౌండు పెరగకపోతే జత బానే ఉన్నట్టు, టీవీ సంగతే తేలాలి. సెట్టింగుల్లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్ అని ఉంటది, అందులో మీ టీవీ కంపెనీ పేరు మళ్లీ పెట్టాలి. రెండూ చేయకపోతే సెల్లులు, లేదా వాటి కింద ఉన్న స్ప్రింగులు.

వెలుగు వస్తందో లేదో చూడాలంటే ఫోన్ కెమెరా చాలు. రిమోట్ మూతిని కెమెరాకి ఎదురు పెట్టి సౌండు బటన్ నొక్కండి. ఫోన్ తెర మీద ఊదారంగో తెలుపో చుక్క మినుకుమినుకుమంటది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకి ఆ కిరణాల్ని ఆపే జల్లెడ ఉంటది, సెల్ఫీ కెమెరాతో చూడండి. బాణం బటన్ నొక్కితే చుక్క రాదు. కంగారుపడకండి, అది రేడియో, కెమెరాకి కనపడదు. కొట్లో కొత్త రిమోట్ కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష. అచ్చం స్టిక్కు రిమోట్‌లాగే ఉండి, బాణం నొక్కినా కెమెరాలో చుక్క వచ్చిందంటే అది వెలుగు రిమోటే, మీ స్టిక్కుతో జత కట్టదు. దాని మీద ఉన్న మైకు బటన్ ఉత్తుత్తి అలంకారం.

మధ్యలో ఒక మాట. అమెరికాలో జెనిత్ అనే కంపెనీ 1956లో స్పేస్ కమాండ్ అని ఒక రిమోట్ తెచ్చింది. దానికి సెల్లులే లేవు. నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది, మన చెవికి అందని శబ్దం వచ్చి టీవీ చానెల్ మారేది. గంట కొట్టినట్టే. డెబ్బై ఏళ్ల తర్వాత మనం సెల్లుల కోసం కైకలూరు పోతన్నాం.

సెల్లుల సంగతికి వద్దాం, ఎందుకంటే నా దగ్గరికొచ్చే రిమోట్లలో ఎక్కువ జబ్బు ఇదే. రెండు సన్న పెన్సిల్ సెల్లులు పడతాయి. కొత్తదాంట్లో ఒకటిన్నర వోల్టు ఉంటది. గోడ గడియారం ఆ బలం కొంత తగ్గినా లాగించేస్తది. బ్లూటూత్‌కి అలా కుదరదు, బలం తగ్గేకొద్దీ ముందు మైకు మొరాయిస్తది, తర్వాత జత తప్పుద్ది. గడియారంలో వేస్తే తిరిగింది కదా, సెల్లు మంచిదే అనుకోబాకండి. చెరువు మోటార్లు చూసే కరెంటాయన దగ్గర మల్టీమీటర్ ఉంటది, ఒక్క నిమిషం పని. ఒక పాతది, ఒక కొత్తది కలిపి వేయకండి. వేసేటప్పుడు ప్లస్, మైనస్ చూడండి. నవ్వకండి, పెద్దోళ్లకి ఆ గుర్తులు కనపడవు, తిరగేసి వేసినవి ఎన్ని చూశానో.

మన కొల్లేరు గాలికి ఇంకో రోగం ఉంది. తేమ. చుట్టూ నీళ్లు, ఇంటి పక్కనే చెరువు, వానాకాలం గోడలే చెమర్చుతాయి. చౌక సెల్లులు నెలల తరబడి లోపలుంటే కారతాయి, స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పొక్కు కడతది. సెల్లులు తీసేసి, చెవిలో పెట్టుకునే దూది పుల్లకి రెండు చుక్కలు నిమ్మరసమో వెనిగరో అద్ది తుడవండి. తర్వాత పొడి దూదితో తుడిచి, పూర్తిగా ఆరాకే సెల్లులు వేయండి. మొండి మరకకి పిల్లల పెన్సిల్ రబ్బరు పెట్టి రుద్దితే పోద్ది. ఆ పొక్కు కళ్లల్లో పడకూడదు, చేతులు కడుక్కోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు కొల్లేటి మీద పడి లంకలు మునిగినప్పుడు తడిసిన రిమోట్లలో కొన్ని ఇలాగే బతికాయి. తడిసిన వెంటనే సెల్లులు పీకేసి, నీడన రెండు మూడు రోజులు ఆరబెట్టినోళ్లవి బతికాయి. తడిమీదే నొక్కి చూసినోళ్లవి పోయాయి.

ఇంకోటి, ఏదన్నా బటన్ లోపలికి పోయి ఇరుక్కుందేమో వేలితో తడమండి. మజ్జిగో, టీయో ఒలికి ఒక బటన్ నొక్కినట్టే ఉండిపోతే, రిమోట్ రాత్రింబవళ్లు ఒకటే కూత కూస్తా ఉంటది. సెల్లులు వారానికే అయిపోతాయి, జత కూడా కట్టదు.

ఇప్పుడు జత చేయడం. ఫైర్ టీవీ స్టిక్ అయితే, ముందు టీవీ సరైన హెచ్‌డీఎంఐ మీద ఉందో లేదో చూడండి. టీవీ వేరే సోర్స్ మీద ఉంటే రిమోట్ ఎంత మొత్తుకున్నా తెర మీద ఏమీ కదలదు. స్టిక్కు ప్లగ్గు పీకి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టండి. తెర మీద ఇంటి పేజీ పూర్తిగా వచ్చేదాకా ఆగండి. మూడు మీటర్ల లోపు నిలబడి, ఇంటి బొమ్మ ఉన్న బటన్‌ని 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. వదిలేయండి. రిమోట్ మీద చిన్న లైటు మినుకుమంటది, కాసేపటికి జత కుదిరిందని తెర మీద వస్తది. రాకపోతే ఇంకోసారి. చాలామంది 3 సెకన్లకే వదిలేస్తారు. పైకి లెక్కపెట్టండి, ఒకటీ, రెండూ అని.

అప్పటికీ కుదరకపోతే రిమోట్ బుర్ర కడిగేయాలి. స్టిక్కు ప్లగ్గు పీకి 60 సెకన్లు ఆగండి. రిమోట్ మీద ఎడమ బాణం, మూడు అడ్డగీతల మెనూ, వెనక్కి తిరిగిన బాణం, ఈ మూడూ ఒకేసారి 12 సెకన్లు నొక్కి పట్టుకోండి. రెండు చేతులూ కావాలి. వదిలి, 5 సెకన్లాగి సెల్లులు తీసేయండి. స్టిక్కుకి కరెంటు ఇచ్చి నిమిషం ఆగండి. సెల్లులు వేసి ఇంటి బొమ్మ నొక్కండి. అలెక్సా మైకున్న రిమోట్లకి ఇది వరుస. బాగా పాతవాటికి కొంచెం తేడా ఉంటది.

ఇందులో ఒక గండం ఉంది, జాగ్రత్త. వెనక్కి బాణం, కుడి బాణం కలిపి 10 సెకన్లు పడితే అది రిమోట్‌ని కాదు, స్టిక్కునే మొత్తం తుడిచేసే మీట. పాస్‌వర్డులు, యాప్‌లు అన్నీ పోతాయి. పాత స్టిక్కు ఎవరి దగ్గరన్నా కొన్నప్పుడు వాళ్ల ఖాతా తీసేయడానికి అది పనికొస్తది. అంతే తప్ప, ఎడమా కుడీ తికమకపడి దాన్ని పట్టుకోకండి.

గూగుల్ క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీ అయితే వెనక్కి బటనూ ఇంటి బటనూ కలిపి లైటు కొట్టుకునేదాకా పట్టుకోవాలి. మిగతా ఆండ్రాయిడ్ టీవీ డబ్బాలకి కంపెనీని బట్టి ఏ రెండు బటన్లో మారతాయి. డబ్బా మొదటిసారి వెలిగినప్పుడు ఆ బొమ్మ తెర మీదే వస్తది, ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి. మళ్లీ ఆ బొమ్మ కావాలంటే సెట్టింగుల్లో రిమోట్లు, యాక్సెసరీలు అన్న చోటుకి పోవాలి. రిమోట్ లేకుండా అక్కడికెలా పోతాం అని అడక్కండి, అదే చెప్పబోతన్నా.

ఫోనే రిమోట్ అవుద్ది. ఫైర్ టీవీకి ఫైర్ టీవీ యాప్, గూగుల్ వాటికి గూగుల్ టీవీ యాప్ లేదా గూగుల్ హోమ్. ఫోనూ స్టిక్కూ ఒకే వై-ఫై మీద ఉండాలి. యాప్ తెరిస్తే టీవీ తెర మీద కోడ్ వస్తది, అది ఫోన్లో కొడితే బాణాలన్నీ ఫోన్లోకి వచ్చేస్తాయి. ఫైర్ టీవీలో అక్కడినుంచి సెట్టింగులు, కంట్రోలర్లు బ్లూటూత్ పరికరాలు, ఫైర్ టీవీ రిమోట్లు, కొత్త రిమోట్ చేర్చు. ఒక స్టిక్కుకి 7 రిమోట్ల దాకా జత కడతాయి, కాబట్టి పాతది తీసేయక్కర్లేదు.

చాలా టీవీల్లో ఇంకో దొడ్డిదారి కూడా ఉంది. హెచ్‌డీఎంఐ తీగలోంచే టీవీ రిమోట్ మాట స్టిక్కుకి చేరుద్ది. దీని అసలు పేరు సీఈసీ. శాంసంగ్ వాళ్లు ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీ వాళ్లు సింప్లింక్, సోనీ వాళ్లు బ్రావియా సింక్. ఒకే పనికి మూడు పేర్లు, మనల్ని తికమక పెట్టడానికే. టీవీ సెట్టింగుల్లో అది ఆన్ చేసి, టీవీ రిమోట్ బాణాలతో స్టిక్కుని నడిపి చూడండి.

అందరూ చేతులెత్తేసే చిక్కు ఇంకోటుంది. ఇంట్లో నెట్ కనెక్షన్ మార్చారు. కొత్త రూటర్, కొత్త వై-ఫై పేరు. అదే వారంలో రిమోట్ పోయింది. ఫోన్ కొత్త వై-ఫైలో ఉంది, స్టిక్కు పాత పేరు కోసం వెతుక్కుంటా ఉంది. ఇద్దరూ కలవరు. కొత్త పాస్‌వర్డు కొట్టాలంటే రిమోట్ కావాలి. రిమోట్‌గా ఫోన్ వాడాలంటే వై-ఫై కలవాలి. బావి గట్టున కూచుని చేద బావిలో పడేసినట్టుంటది. దీనికి మందు చెప్తా వినండి. ఒక ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, దానికి మీ పాత వై-ఫై పేరే పెట్టండి, పాత పాస్‌వర్డే పెట్టండి. పెద్దక్షరం, చిన్నక్షరం, మధ్యలో ఖాళీ, అన్నీ పొల్లుపోకుండా. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. స్టిక్కు పాత స్నేహితుడొచ్చాడనుకుని వచ్చి కలిసిపోద్ది. రెండో ఫోన్‌ని కూడా అదే హాట్‌స్పాట్‌కి కలిపి అందులో యాప్ తెరవండి. ఇంక తాళం మీ చేతిలో ఉంది. పాత పాస్‌వర్డు మర్చిపోతే పాత రూటర్ అడుగున చీటీ చూడండి, చాలామంది దాన్ని ఎప్పుడూ మార్చరు.

జత కట్టి, మళ్లీ మళ్లీ తెగిపోతంటే రిమోట్‌ని తిట్టకండి. స్టిక్కుకి కరెంటు ఎక్కణ్ణుంచి ఇచ్చారో చూడండి. ఎక్కువమంది టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రంలోంచి ఇస్తారు, ప్లగ్గు కలిసొస్తదని. మామూలు యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇచ్చేది అర ఆంపియరు. స్టిక్కు అడిగేది 5 వోల్టుల దగ్గర ఒక ఆంపియరు. ఆకలితో ఉన్న స్టిక్కు తనంతట తనే ఆగి లేస్తా ఉంటది. డబ్బాలో వచ్చిన అడాప్టరే గోడకి పెట్టండి. మన దగ్గర రాత్రుళ్లు చెరువుల మీద ఏరియేటర్లు తిరిగేటప్పుడు వోల్టేజీ ఊగుద్ది, నిజమే, కానీ అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసుంటే ఆ ఊపు అది తట్టుకుంటది. దెబ్బ కొట్టేది గంటలో నాలుగుసార్లు పోయి వచ్చే కరెంటు. ప్రతిసారీ స్టిక్కు మొదట్నుంచీ లేవాలి. ఆ నిమిషం ఆగకుండా బటన్లు బాదితే ఏం లాభం లేదు.

టీవీ రేకు వెనకాల స్టిక్కు అణిగిపోయి ఉన్నా సిగ్నల్ సరిగా అందదు. డబ్బాలో చిన్న హెచ్‌డీఎంఐ తోక ఒకటి వస్తది, ఎక్కువమంది దాన్ని పారేస్తారు. అది తగిలించి స్టిక్కుని కొంచెం పక్కకి లాగండి. ఇంట్లో రెండు టీవీలకి రెండు స్టిక్కులుంటే, జత చేసేటప్పుడు రెండోదాని ప్లగ్గు పీకేయండి. పడగ్గదిలో టీవీ హాల్లో రిమోట్‌కి పలికే వింతలు అందుకే జరుగుతాయి.

ప్రభుత్వ ఫైబర్‌నెట్ డబ్బా ఉన్నోళ్లకి ఒక ముక్క. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైంది అది. నెలకి 149 రూపాయలకే నెట్టూ, టీవీ, ఫోనూ అన్నారు. దాని రిమోట్ మొరాయిస్తే ముందు పైన చెప్పిన కెమెరా పరీక్ష చేయండి. సెల్లులు, స్ప్రింగులు అయ్యాక మీ ఊరి కేబులాయన్ని పట్టుకోండి, ఆ డబ్బా ఆయన చేతిమీదుగా వచ్చిందే.

ఇంత చెప్పింది సెల్లుల కోసం కాదు. అసలు నాకు మండిపోయే సంగతి ఇప్పుడు చెప్తా. రిమోట్ పలక్కపోతే మన వాళ్లు చేసే మొదటి పని, ఫోన్లో కస్టమర్ కేర్ నంబర్ అని వెతకడం. అక్కడ కాచుకుని ఉంటారు. పైన కనపడే నంబర్లలో దొంగలవి కూడా ఉంటాయి. ఫోన్ ఎత్తినోడు ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. మీ స్టిక్కు యాక్టివేషన్ అయిపోయిందండీ, 10 రూపాయలు కట్టండి అంటాడు. 10 రూపాయలే కదా అని లింకు నొక్కుతాం. లేపోతే, మీ ఫోన్లో ఈ యాప్ వేసుకోండి, నేనే ఇక్కణ్ణుంచి బాగుచేస్తా అంటాడు. అది మీ ఫోన్ తెర మొత్తం వాడికి చూపించే యాప్. ఆ తర్వాత ఓటీపీ వచ్చినా వాడే చదువుకుంటాడు. నాకు తెలిసిన ఒక చెరువు కాపలా అన్న ఇలాగే, రిమోట్ కోసం ఫోన్ చేసి, సీడు కోసం దాచిన డబ్బులు పోగొట్టుకున్నాడు. సిగ్గుపడి నెల రోజులు ఇంట్లో చెప్పలేదు.

గుర్తుపెట్టుకోండి. ఫైర్ టీవీ స్టిక్ రిజిస్టర్ చేయడానికి గానీ, రిమోట్ జత చేయడానికి గానీ పైసా కట్టక్కర్లేదు. సాయం కావాలంటే కంపెనీ యాప్ లోపలికి పోయి అక్కడినుంచే అడగండి, వెతుకులాటలో దొరికిన నంబరుకి చేయకండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయండి, అది దేశమంతటికీ సైబర్ నేరాల నంబరు. బ్యాంకుకి కూడా చెప్పండి. తొందరగా చెబితే దొంగ ఖాతాలో డబ్బు కదలకుండా ఆపే వీలుంటది. సిగ్గుపడి గడిపిన ప్రతి గంటా దొంగకి లాభం.

కొట్టోళ్ల సంగతి కూడా. జత తప్పిన రిమోట్‌ని చూసి, ఇది పోయింది అని కొత్తది అంటగట్టిన కొట్టు ఒకటి నాకు తెలుసు, పేరు ఇక్కడ అనవసరం. బిల్లు లేకుండా కొనకండి. వారంటీలో ఉన్నది మార్చివ్వకపోతే 1915కి చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం కింద, 5 లక్షల రూపాయల లోపు సరుక్కి ఫిర్యాదు రుసుమే లేదు, లాయరూ అక్కర్లేదు. బాగుచేసుకునే హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. ఇంత ఉన్నా, నేను విప్పిన డబ్బాల్లో తెలుగు కాగితం నాకు దొరకలేదు. మొక్కజొన్న విత్తనాల సంచి మీద తెలుగు ఉంటది, రెండు వేల రూపాయల పరికరానికి ఉండదా? దీని మీద 1915కి అడగడానికి కూడా డబ్బులేం ఖర్చవ్వవు. పది ఊళ్ల నుంచి పదిమంది అడిగితే ఎవరో ఒకరు రాసుకుంటారు.

అయిపోయిన సెల్లుల్ని మటుకు చెరువు గట్టున విసరబాకండి. లోపలి జింకూ మాంగనీసూ ఆ నీళ్లలోకే దిగుతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. మేం మా వీధిలో ఒక పాత హార్లిక్స్ సీసాలో వేసి దాస్తన్నాం, ఏలూరు వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు పట్టికెళ్తారు.